బ్రాకెట్లో 3.24

ఆగస్టు 3, ఆదివారం

ఈ డైరీ ఆయన కంపెనీవాళ్ళు జనవరిలో ఇచ్చింది. చేపల మేత కంపెనీ కాబట్టి ప్రతి పేజీ అడుగునా చెరువు రైతులకి ఒక సలహా అచ్చు వేశారు. ఇన్నాళ్ళూ నా కుట్టుమిషను సొరుగులో టేపు కింద పడి ఉంది. ఇవాళ బయటికి తీశాను. మనసులో మాట ఆయనతో చెప్పుకుందామంటే, కైకలూరు, ఆకివీడు చెరువుల వెంట తిరిగి తిరిగి ఇంటికొచ్చి కూర్చున్నచోటే కునుకు తీస్తారు. మా అమ్మతో చెబితే దానికి ఇంకో నాలుగు కలిపి తిరిగి నాకే చెబుతుంది.

మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి అన్నాలు తింటుంటే ఆయనే కదిపారు.

"రేపట్నుంచి కాలేజీ కదా కెజీ, ఎక్కణ్ణుంచి వెళ్తావు మరి?"

కెజియాకి తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు సీటు వచ్చింది. మా ఏలూరు నుంచి రోజూ రైల్లో వెళ్ళి రావచ్చు. గణపవరంలో వాళ్ళ అమ్మమ్మ ఇంటి నుంచైతే బస్సులో వెళ్ళి రావచ్చు.

"ఈ నెల ఇక్కణ్ణుంచే వెళ్ళి చూస్తాను నాన్నా. కుదరకపోతే అమ్మమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను," అంది. నా వైపు చూడలేదు.

నాకేమీ పట్టింపు లేదు. ఎక్కడున్నా పిల్ల బాగా చదువుకుంటే చాలు.

నేనీ ఇంటికి వచ్చి రెండేళ్ళు దాటింది. పిల్ల నన్ను ఒక్కనాడూ ఎదిరించలేదు. "ఆంటీ, కొంచెం పప్పు వేస్తారాండీ?" "ఆంటీ, వెళ్ళొస్తానండి." చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా ఎంత మర్యాదో. వాళ్ళమ్మ బిందు రెండో విడత కరోనాలో పోయింది. నేను వచ్చింది ఆమె చోటుకి కాదని నాకూ తెలుసు, పిల్లకీ తెలుసు. మరి ఏ చోటుకి వచ్చానన్నదే ఇద్దరికీ తెలియదు.

ఈ పేజీ సలహా: మబ్బు పట్టిన రోజు మేత తగ్గించండి.

ఆగస్టు 5, మంగళవారం

కాలేజీ నుంచి వచ్చి, టీ కూడా తాగకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. కాసేపటికి బల్ల మీద అరచేత్తో కొట్టిన చప్పుడు. ఈ పిల్ల అలా కొట్టగా నేనెప్పుడూ వినలేదు. మిషను ఆపి వెళ్ళాను.

"ఏమైందమ్మా?"

"ఏం లేదండి ఆంటీ. కాలేజీలో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు ఇచ్చారు. రెండు గీతలు గీయగానే బిగుసుకుపోతోంది. ఎనిమిది జీబీ మెమరీ కావాలంటండి. దీంట్లో నాలుగే ఉంది."

"నాన్నగారు ల్యాప్‌టాప్ కొంటానన్నారు కదా."

"వద్దండి. అమ్మ దీనిమీదే చేసేది. నాకిదే కావాలి."

అది బిందు కంప్యూటర్. ఆమె ఇంట్లోనే డీటీపీ చేసేదట. పెళ్ళికార్డులు, జ్ఞాపకార్థ కూడిక కార్డులు, చర్చి పాటల కరపత్రాలు. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోతే తెలుగు అక్షరాల స్టిక్కర్లు కత్తిరించి అంటించుకుంది, అవి కూడా సగం అరిగాయి. రోజూ సాయంకాలం ఒక బైబిలు వాక్యం టైపు చేసి, చీటీ ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించేదట. ఇప్పుడా పని కెజియా చేస్తుంది. అమ్మ సాఫ్ట్‌వేరే తెరుస్తుంది, అమ్మ నేర్పిన టైపింగే. ఆ టకటకలు వింటూ నేను గుండీలు కుట్టుకుంటూ ఉంటాను. ఈ ఇంట్లో నాకు బాగా నచ్చే చప్పుడు అదే.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. వీధిలో వాళ్ళ బ్లౌజులన్నీ నిన్నటికి ఇచ్చేశాను. వేళ్ళు మొద్దుబారిపోయాయి.

ఆ నాలుగుకి ఇంకో నాలుగు కలిపితే ఎనిమిది. ఇంత చిన్న లెక్క ఈ ఇంట్లో ఎవరికీ తట్టలేదేం?

ఆగస్టు 9, శనివారం

సంబరపడి పోతే ఇలాగే ఉంటుంది.

పొద్దున్నే ఆర్.ఆర్. పేటలో బుచ్చిబాబుగారి కంప్యూటర్ షాపుకి వెళ్ళాను. ఆయనా మా చర్చే, మగవాళ్ళ వరసలో ముందు బెంచీ. "నాలుగు జీబీ ఇంకోటి వెయ్యాలండి," అన్నాను. మధ్యాహ్నం కెజియా పాటల ప్రాక్టీసుకి వెళ్ళినప్పుడు స్కూటరు మీద వచ్చి, సీపీయూ మూత తీసి, చిన్న పచ్చ పలక ఒకటి గుచ్చి, మూత పెట్టి వెళ్ళిపోయారు. ఇంత సులువా అనుకున్నాను. పిల్ల వచ్చేదాకా కాలు నిలవలేదు. సేమ్యా కూడా చేశాను.

"ఒకసారి చూడమ్మా, ఎంతుందో," అన్నాను, ఏమీ తెలియనట్టు.

ఏదో నొక్కింది. తెర మీద ఇంగ్లీషులో వచ్చింది, మెమరీ 8.00 జీబీ అని. నా మొహం విప్పారే ఉంటుంది. పక్కన బ్రాకెట్లో ఇంకో అంకె ఉంది. 3.24.

"అదేమిటి?"

"వాడుకోగలిగింది అంతేనండి ఆంటీ," అంది మెల్లగా. "ముందు కూడా 3.24యే ఉండేది. ఉన్నది ఎనిమిదైంది గానీ వాడుకునేది మారలేదు."

"అంటే మనకి పనికిరానిది అంటగట్టాడా?"

"ఏమోనండి. పర్లేదండి ఆంటీ. మీరు తెచ్చారు కదా. థాంక్సండీ."

సేమ్యా తిని గిన్నె తనే కడిగిపెట్టింది. చుట్టాలు కడిగిపెట్టినట్టు.

ఆగస్టు 11, సోమవారం

బుచ్చిబాబుగారి షాపు మెట్ల మీంచే మొదలుపెట్టాను.

"ఏవండీ బుచ్చిబాబుగారూ, ఎనిమిదని చెప్పి మూడూ చిల్లర చేతిలో పెడతారా? ఆదివారం వాక్యాలు చదివేది మీరేనాండీ?"

షాపులో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. చూస్తే చూడనీ. ఆయన మాత్రం కోపం తెచ్చుకోలేదు. కుర్చీ వేయించారు, ఫ్యాను నావైపు తిప్పారు.

"సిల్వియాగారూ, ముక్క మంచిదేనండి. ఎనిమిదీ లోపల ఉన్నాయి. మీ కంప్యూటర్లో ఉన్న విండోస్ పాతదండి. ముప్పై రెండు బిట్టు. అది నాలుగుకి మించి చూళ్ళేదు."

"కళ్ళు కనపడవా దానికి?"

ఆయన నవ్వి, బల్ల మీద వేలితో గీస్తూ చెప్పారు. "ఒక ఊరనుకోండి. ఎనిమిది వేల ఇళ్ళు కట్టారు. మునిసిపాలిటీ దగ్గర డోర్ నంబర్లు మాత్రం నాలుగు వేలే ఉన్నాయి. అందులోనూ కొన్ని ముందే ఆఫీసులకీ, పంపు హౌసులకీ ఇచ్చేశారు. అంటే తెరకీ మిగతా సామానుకీనండి. ఇక ఇళ్ళకి మిగిలినవి మూడు వేలు పైచిలుకు. మిగతా ఇళ్ళకి నంబరు లేదు. ఇల్లుంది, ఇంట్లో మనిషుంది, పోస్టుమేను మాత్రం వెళ్ళడు."

ఆయన చెప్పింది కంప్యూటర్ గురించే. నేను విన్నది నా గురించి. ఆ ఇంట్లో నేనూ అలాగే ఉన్నాను, నంబరు లేకుండా. వండుతున్నాను, కుడుతున్నాను, పిల్ల రైలు ఆలస్యమైతే గుమ్మంలో నిలబడుతున్నాను. ఇదంతా ఎవరికీ అందడం లేదు.

"దీనికి మందు లేదాండీ?" అన్నాను.

"ఎందుకు లేదండి? అరవై నాలుగు బిట్టు విండోస్ ఎక్కిద్దాం. అప్పుడు ఊరంతటికీ నంబర్లు వస్తాయి. కాకపోతే పాతది తుడిచెయ్యాలి. ఫైళ్ళన్నీ ముందే కాపీ చేసి పెడతానండి, ఒక్కటీ పోదు."

ఆగస్టు 12, మంగళవారం

పిల్లని అడిగితే వద్దంటుంది. అయ్యాక చూస్తే సంతోషిస్తుంది. అడగకపోవడమే మంచిది.

ఆగస్టు 14, గురువారం

జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున పిల్ల రైలెక్కాక, సీపీయూని పాత చీరలో చుట్టి ఆటోలో బుచ్చిబాబుగారి షాపుకి తీసుకెళ్ళాను. ఆయన బిందు ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారు. తర్వాత సీపీయూని తన తెరకి కలిపి, కొత్త విండోస్ పెట్టడం మొదలుపెట్టారు. నేను పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. ఊరికే ఉండలేని చెయ్యి కదా. "ఆ ఫైళ్ళు సరిగ్గా వచ్చాయో లేదో ఒకటి తెరిచి చూపించండి," అన్నాను. తన కంప్యూటర్లో ఒకటి తెరిచారు.

పెళ్ళికార్డు. చుట్టూ పువ్వులు, మూలలో శిలువ, అన్నీ ఉన్నాయి. మధ్యలో తెలుగు ఉండాల్సిన చోట ఒక్క తెలుగు అక్షరం లేదు. కొక్కేలూ, చుక్కలూ, ఇంగ్లీషు అక్షరాల మీద కొమ్ములూ. ఇంకోటి తెరిపించాను, అదీ అంతే. పాటల కరపత్రం, అదీ అంతే.

"ఇదేమిటండీ?"

"ఓహో, పాత తెలుగు ఫాంటుల్లో చేశారా ఆవిడ? అప్పట్లో డీటీపీ అంతా అదేనండి. ఆ సాఫ్ట్‌వేరు ఉంటేనే అక్షరాలు కనిపిస్తాయి. సీపీయూ వెనక గుచ్చి ఉన్న ఈ చిన్న ముక్క దాని తాళంచెవి. ఇది అరవై నాలుగు బిట్టులో ఎక్కదండి. అయినా ఇవాళా రేపూ ఎవరు వాడుతున్నారండీ, ఫోన్లోనే తెలుగు వచ్చేస్తుంటే?"

తెలుగంటే తెలుగే అనుకున్నాను నేను. ఫోన్లో మా చెల్లికి రోజూ పంపే తెలుగు, బిందు టైపు చేసిన తెలుగు ఒకటే అనుకున్నాను. ఇంకా ఆయన మాట్లాడుతుండగానే అటు చూశాను. సీపీయూ తెర మీద ఏదో పెట్టె వచ్చి, తుడవమంటావా అని అడుగుతోంది. బుచ్చిబాబుగారి వేలు మౌసు మీద ఉంది.

గోడ దగ్గరికి వెళ్ళి తీగ పీకేశాను.

"అయ్యయ్యో! అలా పీకితే డిస్కు పోద్దండీ!"

"పోతే నాది పోనివ్వండి. ఆమెది తుడవకండి!"

ఏం మాట్లాడానో ఇప్పుడు రాస్తుంటే నాకే అర్థం కావడం లేదు. ఆయన తీగ మళ్ళీ పెట్టి, పాత విండోస్ తెరిచారు. ఆ కాసేపూ నేను ప్రార్థన చేశాను. బిందు తెర వచ్చింది, ఆటపాక కొంగల ఫొటో, దాని మీద ఆమె పెట్టుకున్న చిన్న చిన్న బొమ్మలు, అన్నీ. ఏమీ పోలేదు. డిస్కు బాగుందో లేదో ఒకసారి పరీక్ష చేస్తాను, ఇక్కడే ఉంచి వెళ్ళమన్నారు. సరే అని ఖాళీ చేతులతో ఇంటికి వచ్చాను.

రేపు పంద్రాగస్టు అని కాలేజీ మధ్యాహ్నమే వదిలేశారట. కెజియా ఇంట్లో ఉంది. ఖాళీ బల్ల ముందు నిలబడి ఉంది. సీపీయూ ఉన్నచోట బల్ల మీద దుమ్ము లేని చదరం.

"పోలేదమ్మా, ఏమీ పోలేదు. బుచ్చిబాబుగారి షాపులో ఉంది. ఎనిమిదీ వాడుకోవడానికి..."

"ముట్టే ముందు ఒక్క మాట అడగాలి కదండీ ఆంటీ."

"నిన్ను సంతోషపెడదామనే..."

"అందులో ఏముందో మీకు తెలుసాండీ? తెలియకుండా ఏమీ పోలేదని ఎలా చెప్తున్నారండీ?"

కోపంలో కూడా అండీ వదల్లేదు. తిట్టినా బాగుండేది.

సంచీ సర్దుకుంది. ఆయన వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడగకుండా పిల్లని బండి మీద తీసుకెళ్ళి గణపవరం బస్సు ఎక్కించి వచ్చారు. వచ్చాక నాతో, "నువ్వు మంచికే చేశావులే," అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆగస్టు 15, శుక్రవారం

ఫ్రిజ్ మీద బుధవారం వాక్యమే ఉంది.

ఆగస్టు 17, ఆదివారం

చర్చిలో పాస్టరు అయ్యగారి భార్య అడిగారు, పాటల్లో కెజియా కనిపించలేదేమమ్మా అని. సెలవలకి అమ్మమ్మ ఇంటికి వెళ్ళిందండి అన్నాను. అబద్ధమేమీ కాదు. వెళ్ళిన మాట నిజమే కదా.

ఆయన రోజూ పిల్లకి ఫోన్ చేస్తారు. బస్సు దొరుకుతోందా, తిన్నావా, అమ్మమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది. నేను వినబడేంత దూరంలో ఏదో ఒకటి సర్దుతూ ఉంటాను. నా పేరు వస్తుందేమోనని. రాలేదు.

కాలేజీ కోసం నాలుగు చుడీదార్లు కుట్టిచ్చాను ఆ పిల్లకి. పక్కకుట్ల లోపల మామూలు కంటే ఎక్కువ గుడ్డ వదిలాను. పెరిగే పిల్ల, వచ్చే ఏడాది కుట్టు విప్పి వదులు చెయ్యొచ్చు అనుకున్నాను. విప్పేదాన్ని నేనే అనుకున్నాను. పైకి ఎవరికీ కనిపించదు ఆ గుడ్డ.

చీటీ బుధవారానిదే.

ఆగస్టు 19, మంగళవారం

బుచ్చిబాబుగారు పిలిచారు. ఆయనకీ మనసు ఊరుకోనట్టుంది.

"సిల్వియాగారూ, తుడవక్కర్లేకుండా ఒక దారి ఉందండి. ముందే తట్టలేదు చూడండి నాకు. ఇంకో డిస్కు పెట్టి, కొత్త విండోస్ దాంట్లో ఎక్కిద్దాం. పాతది పాత డిస్కులో అలాగే ఉంటుంది. ఆన్ చెయ్యగానే ఏది కావాలో అడుగుతుంది. పాత దాంట్లోకి వెళ్తే ఆవిడ సాఫ్ట్‌వేరు, ఆవిడ ఫాంట్లు, మూడూ చిల్లర మెమరీ. కొత్త దాంట్లోకి వెళ్తే మొత్తం మెమరీ, అమ్మాయి కాలేజీ పని."

"రెండూ ఒకే పెట్టెలోనాండీ? ఒకదానికొకటి అడ్డు రావాండీ?"

"ఒకసారి ఒకటే నడుస్తుందండి. రెండోది ఊరుకుంటుంది. అడ్డెందుకొస్తుంది?"

మధ్యాహ్నానికి తయారైంది. ఆన్ చేస్తే నల్లటి తెర మీద రెండు వరసలు వచ్చాయి. రెండిటికీ విండోస్ అనే పేరు. పేర్లు మార్చుకోవచ్చండి, ఇంగ్లీషు అక్షరాల్లో ఏదైనా పెడతాను అన్నారు. పై వరసకి బిందు అని, కింద వరసకి కెజియా అని పెట్టించాను. ఏదీ నొక్కకపోతే ముప్పై సెకన్లు ఆగి తనంతట తనే ఒక దాంట్లోకి వెళ్తుందట, ఏ దాంట్లోకి వెళ్ళాలో చెప్పమన్నారు. బిందులోకే అన్నాను.

దాన్ని ఇంటికి తీసుకెళ్ళాలా అని ఆలోచించాను. ఇంటికి ఎవరి కోసం?

ఆగస్టు 20, బుధవారం

సీపీయూని ఒళ్ళో పెట్టుకుని గణపవరం వెళ్ళాను. కీబోర్డుని తువ్వాల్లో చుట్టి సంచీలో పెట్టాను. కండక్టరు లగేజీ టికెట్టు తీసుకోమన్నాడు. "ఒళ్ళో పెట్టుకుంటే లగేజీ ఏమిటండీ? పిల్లని పెట్టుకుంటే కొడతారా టికెట్టు?" అన్నాను. నారాయణపురం దగ్గర మలుపు తిరిగాక రెండు పక్కలా చెరువులే. గుంట వచ్చినప్పుడల్లా పెట్టెని గుండెకి అదుముకున్నాను. అందులో రెండు డిస్కులున్నాయి, కదలకూడదట.

కనకమ్మగారు అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్నారు. బిందు వాళ్ళమ్మ. నన్ను చూసి లేవబోయి, పెట్టెని చూసి అలాగే ఉండిపోయారు.

"ఇది మా బిందుది కదూ?"

"అవునమ్మా. కెజియాకి తెచ్చాను."

"ఏలూరు నుంచి ఒళ్ళో పెట్టుకునే తెచ్చావా అమ్మాయ్?"

చెంగుతో దాని మీద దుమ్ము తుడిచారు. దుమ్మేమీ లేదు. "దీని ముందు కూచుంటే అన్నం మాట కూడా గుర్తుండేది కాదు దానికి," అన్నారు. తర్వాత అన్నం పెట్టారు. కొర్రమీను పులుసు, తల ముక్క నాకే వేశారు.

కెజియా కాలేజీ నుంచి వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది. నేను ముందే అనుకుని వెళ్ళినవన్నీ మర్చిపోయి, "తీగ పీకేశానమ్మా, తుడవనివ్వలేదు," అన్నాను. అదేమిటో పిల్లకి ఏం తెలుస్తుంది?

అమ్మమ్మ చూస్తున్న సీరియల్ ఆపించి, టీవీకి తీగ కలిపింది. రెండు వరసలు వచ్చాయి.

"ఈ పేర్లు ఎవరు పెట్టారండీ?"

"బుచ్చిబాబుగారు."

"ఆయనంతట ఆయనే అమ్మ పేరు పెట్టారాండీ?"

నేను మంచినీళ్ళు తాగాను.

పై వరస నొక్కింది. కొంగలు వచ్చాయి. అమ్మ సాఫ్ట్‌వేరు తెరిచింది. పెళ్ళికార్డు ఒకటి తీసింది, నేను షాపులో చూసిందే. అక్షరాలన్నీ ముత్యాల్లా ఉన్నాయి.

"ఆ రోజు కొక్కేలు కనిపించాయి తల్లీ. పాడుచేశాననుకున్నాను."

"ఆ ఫాంటు లేనిచోట అలాగే కనిపిస్తాయండి. అక్షరాలు పోవు." కుర్చీ పక్కకి జరిపింది. "మీరు టైపు చెయ్యండి ఆంటీ. ఏది నొక్కాలో నేను చెప్తాను."

అరిగిన స్టిక్కర్ల మీద నా వేలు పట్టుకుని పెట్టింది. వాళ్ళమ్మ తన వేలు అలాగే పెట్టేదట. ఒక్కో అక్షరానికీ రెండు మూడు మీటలు. సిల్వియా అని నా పేరు వచ్చింది, బిందు అక్షరాల్లో. కనకమ్మగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు కళ్ళు మసకబారి తెర కనిపించలేదు.

"ఇది నీ దగ్గరే ఉండాలమ్మా. ఇక్కడే చదువుకో," అని చెప్పి చివరి బస్సుకి ముందే బయల్దేరాను. ఇంటికి రమ్మని అడగలేదు. అడగకూడదనే వెళ్ళాను.

ఆగస్టు 24, ఆదివారం

మొదటి పేజీలో నాకేమీ పట్టింపు లేదని రాసుకున్నాను. ఇవాళ ఆ వాక్యం కొట్టేశాను. పట్టింపు ఉంది. ఆ పిల్ల ఈ ఇంట్లో ఉండాలి నాకు. సాయంకాలం ఆ టకటకలు వినబడాలి.

ఆగస్టు 27, బుధవారం

మేఘం. వాన. బ్లౌజులు లేవు. ఫ్రిజ్ మీద చీటీ అంచులు లేచాయి. తీసెయ్యబుద్ధి కాలేదు, మళ్ళీ అంటించాను.

ఆగస్టు 31, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి వాకిట్లో ఆటో ఆగి ఉంది. ఆటోలో కెజియా. ఒళ్ళో సీపీయూ.

"అదేమిటి, చెప్పకుండా?" అన్నారు ఆయన.

"అమ్మమ్మ వాళ్ళింట్లో కరెంటు ఊరికే పోతోంది నాన్నా. ప్రాజెక్టు పని ఆగిపోతోంది. ఇక్కణ్ణుంచే రైల్లో వెళ్తాను."

కరెంటు కోసమే వచ్చిందట. నమ్మాను. నమ్మినట్టే రాస్తున్నాను.

లోపలికి తీసుకెళ్ళడానికి నేను చేతులు చాచాను. బరువండీ అంటూనే ఒక పక్క నాకిచ్చింది. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని బల్ల మీద, ఆ చదరంలోనే పెట్టాం. సాయంకాలం టకటకలు వినిపించాయి. నేను బ్లౌజుకి కాజాలు కుడుతున్నాను. మూడుసార్లు సూది గుచ్చుకుంది.

సెప్టెంబరు 2, మంగళవారం

పిల్ల కాలేజీకి, ఆయన చెరువులకి వెళ్ళాక బల్ల తుడుద్దామని వెళ్ళాను. కంప్యూటర్ ఆన్ చేశాను. నిజం రాసుకోవాలి కదా. బల్ల తుడవడానికి కంప్యూటర్ ఆన్ చెయ్యక్కర్లేదు. మొన్నటి టకటకలు పై వరసలోవా, కింద వరసలోవా అని చూడాలనిపించింది, అంతే.

నల్లటి తెర. రెండు వరసలు. పేర్లు మారాయి.

పై వరసలో ఇంగ్లీషు అక్షరాల్లో, అమ్మ.

కింద వరసలో, పిన్ని.

గుడ్డ చేతిలోనే ఉంది. వెనక ఎవరైనా ఉన్నారా అని చూశాను. ఎవరూ లేరు. అంకె తగ్గుతూ వచ్చి తనంతట తనే బిందులోకి వెళ్తుందని చూస్తున్నాను. అంకె లేదు. ఆ లెక్క తీసేసింది పిల్ల. ఇప్పుడు ఏదో ఒకటి నొక్కేదాకా అలాగే ఆగి ఉంటుంది, ఎంతసేపైనా. చాలాసేపు చదివాను ఆ రెండు మాటల్నీ.

కింద వరస నొక్కాను. పిల్ల చూపించినట్టే మెమరీ చూశాను. 8.00. పక్కన మళ్ళీ బ్రాకెట్టు. 7.89.

ఫోన్ తీసి బుచ్చిబాబుగారి మీద లేచాను. "మళ్ళీ తగ్గిందేమిటండీ? మొత్తం వస్తుందన్నారు. మిగతాది ఏదండీ?"

ఆయన నవ్వారు. "ఆ కాస్తా తెర కోసం అది తనే ఉంచుకుంటుందండి. అది మాత్రం ఎవరికీ ఇవ్వదు. మిగతాదంతా మీదే సిల్వియాగారూ."

సాయంకాలం రైలు దిగి వచ్చింది. చెప్పులు విప్పుతూనే, "ఆంటీ, ఆకలేస్తోందండీ," అంది. నేను తన మొహంలోకి చూశాను. ఏమీ ఎరగనట్టు చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. చెవులు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

నోటితో ఇంకా ఆంటీయే. ఆ కాస్తా తనే ఉంచుకోనీ.